ఓటీపీ చెప్పకపోయినా పోతోంది

ఎవరికి ఫోన్ చేసినా రింగు కంటే ముందు సైబర్ హెచ్చరిక మోగిన రోజులు గుర్తున్నాయి కదా. అత్యవసరంగా చేస్తున్నప్పుడు విసుగొచ్చేది గానీ, ఆ దెబ్బకి ఒక మాట మాత్రం జనానికి కంఠతా వచ్చేసింది: ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. బ్యాంకు గోడ మీదా అదే, కాలేజీ సదస్సులోనూ అదే. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో గానీ, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర గానీ ఎవర్ని ఆపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తారు.

అయినా డబ్బు పోగొట్టుకున్నవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ఇలా ఉంటుంది: "నానేటీ సెప్నేదు బావూ. ఓటీపీ ఎవులికీ సెప్నేదు. ఐనా ఎలిపోనాయి."

విన్నవాళ్లు నమ్మరు. ఎక్కడో చెప్పే ఉంటాడు, ఇప్పుడు ఒప్పుకోలేక బొంకుతున్నాడు అనుకుంటారు. బ్యాంకులోనూ అదే చూపు, ఇంట్లోనూ అదే చూపు. నా వాదన ఏమిటంటే, చాలాసార్లు ఆ మనిషి చెప్పేది నిజమే. మనం కంఠతా పట్టిన నినాదానికే వయసైపోయింది. పైగా అది కీడు కూడా చేస్తోంది. ఓటీపీ చెప్పలేదు కాబట్టి నాకేం కాదన్న ధీమా ఇస్తోంది, పోయాక తప్పంతా పోగొట్టుకున్నవాడి నెత్తిన పెడుతోంది.

ఓటీపీని ఇప్పుడు దొంగ అడగక్కర్లేదు. ఫోన్లో దూరిన యాప్ చదివేస్తుంది. కలిపిన కాల్‌లో వాడే వింటాడు. స్క్రీన్ షేర్ చేయించి చూస్తాడు. వేలిముద్ర దారిలో వస్తే అసలు ఓటీపీతో పనే లేదు.

ఫైలు పేరు చివర మూడక్షరాలు

ముందు యాప్ సంగతి, ఎందుకంటే మా జిల్లాల్లో ఇది సులువుగా అంటుకునే తెగులు. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ డబ్బులు పడే రోజులొస్తే చాలు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫైలు తిరుగుతుంది. "లబ్ధిదారుల జాబితా", "కేవైసీ అప్‌డేట్" లాంటి పేరుంటుంది. సీజన్ మారితే అదే ఫైలు ఆర్టీవో చలానా అవుతుంది, మాఘమాసంలో పెళ్లి శుభలేఖ అవుతుంది. పంపినవాడు తెలిసినవాడే. ఎందుకంటే వాడి ఫోను ముందే దొంగ చేతిలోకి వెళ్లింది.

చూడాల్సింది పేరు చివర. జాబితా అయితే పీడీఎఫ్ అని ఉండాలి. శుభలేఖ అయితే ఫొటోనో వీడియోనో అయ్యుండాలి. ఏపీకే అని ఉంటే అది కాగితం కాదు, యాప్. పెళ్లికి పిలవడానికి ఎవరూ యాప్ పంపరు.

నొక్కితే ఏమవుతుందో వరసగా చెప్పుకుందాం. తెలియని చోటు నుంచి వచ్చిన యాప్‌ని ఇన్‌స్టాల్ చెయ్యడానికి వాట్సాప్‌కి అనుమతి ఇవ్వాలా అని ఆండ్రాయిడ్ అడుగుతుంది. అవును అంటాం. ఫోన్లో చెడ్డ యాప్‌లని పట్టే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ అడ్డుపడితే దాన్ని కాసేపు ఆపమని ఆ యాపే దారి చూపిస్తుంది. తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదివే, పంపే అనుమతి అడుగుతుంది. అసలు తాళంచెవి అదే. ఇచ్చిన క్షణం నుంచి మీకొచ్చే ప్రతి మెసేజ్ కాపీ ఎక్కడో ఉన్నవాడి ఫోన్లో మోగుతుంది. చివరికి అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించే పేజీలో ఆధార్ నంబరు, డెబిట్ కార్డు వివరాలు నింపమంటుంది. నింపాక ఐకాన్ మాయమైపోతుంది. పని చెయ్యలేదేమో అనుకుని మర్చిపోతారు.

ఇక్కడ యూపీఐ ఎలా నడుస్తుందో తెలియాలి. కొత్త ఫోన్లో యూపీఐ మొదలుపెట్టాలంటే బ్యాంకుకి ఇచ్చిన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ బయటికి వెళ్లాలి. సిమ్ మీ దగ్గరే ఉంది కాబట్టి వేరేవాడు చెయ్యలేడన్నది దాని లెక్క. కానీ మెసేజ్ పంపే అనుమతి ఆ యాప్‌కి ఇచ్చేశారు కదా, మీ సిమ్ నుంచే మీకు తెలియకుండా అది వెళ్లిపోతుంది. ఇక పిన్ పెట్టుకోవాలి. దానికి మామూలుగా డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, గడువు తేదీ, ఒక ఓటీపీ చాలు. చాలా బ్యాంకుల్లో కార్డు కూడా అక్కర్లేదు, ఆధార్ మొదటి 6 అంకెలూ ఓటీపీలూ ఉంటే సరి. అన్నీ వాడి దగ్గరున్నాయి. ఈ మొత్తం తతంగంలో బాధితుడు నోరు విప్పి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ మనిషి బొంకలేదని పైన అన్నది ఇందుకే.

ఇప్పుడే ఫోను తీసి ఒకటి చూడండి. సెట్టింగ్స్, అందులో యాప్స్, అందులో స్పెషల్ యాప్ యాక్సెస్, అందులో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్. వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్, టెలిగ్రామ్ పక్కన అన్నిటికీ "నాట్ అలౌడ్" అని ఉండాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ పేరు ప్రైవసీ కింద దాక్కుంటుంది. సెట్టింగ్స్ పైనున్న వెతుకు పెట్టెలో "అన్‌నోన్" అని కొడితే దొరుకుతుంది. అలాగే పర్మిషన్ మేనేజర్‌లో ఎస్సెమ్మెస్ నొక్కి, ఏ యాప్‌లకి ఆ అనుమతి ఉందో చూడండి. టార్చిలైటుకీ క్యాలెండరుకీ మెసేజ్‌లతో పనేంటి? తీసెయ్యండి. యాక్సెసిబిలిటీ అని ఇంకొకటుంది. చూపు, వినికిడి సరిగా లేనివాళ్ల కోసం పెట్టినది. స్క్రీన్ మీద ఉన్నదంతా చదివి, మీ బదులు నొక్కగల శక్తి దానికుంది. అందులో తెలియని పేరు కనిపిస్తే ఆలోచించకుండా ఆపెయ్యండి.

ఒకవేళ ఇప్పటికే ఎక్కించేసి ఉంటే? జనం చేసే పొరపాటు ఆ యాప్ కోసం అక్కడే వెతుకుతూ కూర్చోవడం. ముందు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూడాలి. మెసేజ్‌లు బయటికి పోవడం అప్పుడాగుతుంది. తర్వాత వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ మూడూ ఆపించాలి. ఆ తర్వాతే ఫోన్ మరమ్మతు. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ అవ్వకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అని వెతికి, అందులో దాని పక్కన టిక్కు తీసేసి ప్రయత్నించాలి. అప్పటికీ మొండికేస్తే, ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోన్లో ఉన్నదంతా తుడిచి కొత్తదానిలా చెయ్యడం. షాపువాడికి 200 ఇచ్చి తీయించుకున్నాం అని ఊరుకోవద్దు. ఐకాన్ పోయినంత మాత్రాన, దొంగ ఫోన్లో మీ పేరున మొదలైన యూపీఐ పోదు.

ప్రభుత్వమే వాట్సాప్‌లో ఉన్నాక

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. వాట్సాప్‌లో వచ్చేది ఏదీ నమ్మొద్దు అనడం ఇదివరకు సులువు. 2025 జనవరి 30న మన మిత్ర మొదలయ్యాక, రాష్ట్ర ప్రభుత్వ సేవలే వాట్సాప్‌లోకి వచ్చాయి. కరెంటు బిల్లు, ధ్రువపత్రాలు, దేవస్థానం టికెట్లు అన్నీ అక్కడే. ఇప్పుడు టెక్కలి రైతుకి "వాట్సాప్ ప్రభుత్వం" నిజమో అబద్ధమో ఎలా తెలియాలి?

తేడా ఒకటుంది. మన మిత్రకి మీరే ముందు "హాయ్" అని పంపాలి, 95523 00009 కి. పలకరించింది ఎవరన్నదే గీటురాయి. నేను వెళ్లి తట్టిన తలుపు వేరు, నా తలుపు తట్టినవాడు వేరు. బ్యాంకు విషయంలోనూ అంతే. సైటుకి మీరే వెళ్లేటప్పుడు చిరునామా చివర బ్యాంక్ డాట్ ఇన్ అని ఉందో లేదో చూడండి. 2025 అక్టోబర్ 31 లోగా బ్యాంకులన్నీ ఆ చిరునామాకి మారాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఆ తోక బ్యాంకులకి తప్ప వేరేవాళ్లకి ఇవ్వరు. గూగుల్లో "కస్టమర్ కేర్ నంబర్" అని వెతకడం మాత్రం మానుకోవాలి. కార్డు వెనక, పాస్‌బుక్ మీద నంబరు అచ్చేసే ఉంటుంది.

వాట్సాప్ ఖాతా మీది కాకుండా పోకుండా రెండు పనులు. సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి 6 అంకెల పిన్ పెట్టండి. లింక్డ్ డివైసెస్‌లో మీకు తెలియని కంప్యూటర్ ఉంటే లాగౌట్ చెయ్యండి. ఉద్దానం వైపు ఇంటికొకరు గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో ఉంటారు. "అర్జెంట్, ఈ నంబర్‌కి వెయ్యమ్మా" అని కొడుకు ఖాతా నుంచి మెసేజొస్తే తల్లి మనసు ఆగదు. ఫోన్ చేసి గొంతు వినాలి. దొరక్కపోతే పక్కనే ఉండే ఊరివాడికి చెయ్యాలి. అదీ దొరక్కపోతే గంట ఆగాలి.

మన యాసే మాట్లాడతాడు

హిందీలోనో వచ్చీరాని తెలుగులోనో మాట్లాడితే దొంగ అని గుర్తుపట్టడం ఒక చిట్కాగా చెలామణీ అయ్యింది. దాన్ని మర్చిపోండి. 2024 మేలో విశాఖ పోలీసులు కొందరు ఏజెంట్లను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని మన కుర్రాళ్లని కంబోడియాకి తరలించి, అక్కడి ముఠాల చేతిలో పెట్టారన్నది కేసు. పాస్‌పోర్టు లాక్కుని వాళ్లచేత చేయించింది ఏమిటంటే మనవాళ్లకే ఫోన్లు చేసి మోసం చెయ్యడం. వాళ్లలో ఉత్తరాంధ్ర పిల్లలున్నారు. అంటే అవతల "బావూ" అని పిలిచే గొంతు నిజంగానే మన పక్క మండలానిది కావచ్చు, ఆ గొంతు వెనకున్న కుర్రాడు తానే ఒక బందీ కావచ్చు. ఇది తల్చుకున్నప్పుడల్లా దొంగని తిట్టడానికి కూడా నోరు పూర్తిగా రాదు.

పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే డిజిటల్ అరెస్ట్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. 2024 అక్టోబర్ 27న ప్రధాని మన్ కీ బాత్‌లోనే చెప్పారు, చట్టంలో అలాంటిది లేదని. వీడియో కాల్‌లో ఎవరైనా యూనిఫాం వేసుకుని కనిపిస్తే కట్ చెయ్యడమే. చదువుకున్నవాళ్లూ రిటైరైనవాళ్లూ ఎందుకు పడుతున్నారన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయం. కాగితానికీ అధికారికీ జీవితాంతం గౌరవం ఇచ్చిన మనిషికి, అరెస్ట్ వారంట్ బొమ్మ చూపించగానే కాళ్లు వణుకుతాయి. అది తెలివితక్కువతనం కాదు, అలవాటు.

కాల్ మెర్జ్ అన్నది దీనికంటే నెమ్మదైన పద్ధతి. మీ నంబరు ఫలానా స్నేహితుడిచ్చాడంటాడు. "వాడే ఇంకో నంబర్ నుంచి చేస్తున్నాడు, కలపండి" అంటాడు. మీరు కలిపిన రెండో కాల్ స్నేహితుడిది కాదు, ఓటీపీని గొంతుతో చదివి వినిపించే బ్యాంకు కాల్. అది మీకు చెప్తున్నప్పుడు వాడూ వింటాడు. మీరు ఒక్క అంకె కూడా పలకలేదు.

యూపీఐలో ఒకటి బాగుపడింది. ఒక మనిషి ఇంకో మనిషికి డబ్బు అడుగుతూ పంపే కలెక్ట్ రిక్వెస్టుల్ని 2025 అక్టోబర్ నుంచి ఆపేశారు. కానీ "క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొడితే మీకే డబ్బులొస్తాయి" అన్న మాట ఇంకా పనిచేస్తోంది. పాత మంచం, పాత బండి అమ్మకానికి పెట్టినవాళ్ల మీద ముఖ్యంగా. పిన్ కొట్టేది డబ్బు పోవడానికీ, బ్యాలెన్స్ చూసుకోవడానికీ. రావడానికి పిన్ అక్కర్లేదు.

వేలికి తాళం వేస్తే రేషన్ ఆగుతుంది

ఇక్కడ నాకే తెగని సందేహం ఉంది.

ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతికి, అదే ఊళ్లో మినీ బ్యాంకు దగ్గర వేలు పెట్టి తీసుకునేదానికి, కావాల్సినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. కార్డు లేదు, పిన్ లేదు, ఓటీపీ లేదు. ఒక్కోసారికి 10,000 వరకు తీయొచ్చు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలు ఎత్తి, సిలికాన్ మీద అచ్చు తీసి, ఇలా డబ్బు లాగిన కేసులు మన రాష్ట్రాల్లోనే బయటపడ్డాయి. భూమి అమ్ముకున్న మర్నాడు ఖాతాలో డబ్బుంటుందని వేరే చెప్పాలా!

విరుగుడు ఉంది. మై ఆధార్ సైటులో గానీ ఆధార్ యాప్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ చెయ్యొచ్చు. లాక్ చేశాక ఎవరు ఆ వేలు పెట్టినా యంత్రం 330 అనే ఎర్రర్ చూపిస్తుంది. అవసరమైనప్పుడు కాసేపు తెరిస్తే, 10 నిమిషాలకి దానంతటదే మూసుకుంటుంది. బస్తీలో ఉద్యోగం చేసుకునేవాడికి ఇంతకంటే మంచిది లేదు, ఇవాళే చెయ్యాలి.

కానీ బొబ్బిలి పక్క పల్లెలో ఒంటరిగా ఉండే ముసలమ్మకి? నెల మొదట్లో పెన్షన్ ఇవ్వడానికి వచ్చిన సచివాలయం మనిషి వేలు పెట్టమంటాడు, రేషన్ డీలరు వేలు పెట్టమంటాడు. లాక్ చేస్తే పని ఆగిపోతుంది. 10 నిమిషాలు తెరవడానికి ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ వచ్చే ఫోన్ కొడుకు దగ్గర సూరత్‌లో ఉంటుంది. భద్రత పేరుతో ఆమెకి అన్నం ఆపేస్తామా? అలాంటివాళ్ల విషయంలో నేను లాక్ చెయ్యమని చెప్పలేను. ఖాతాలో ఎక్కువ డబ్బు ఉంచకుండా చూడమంటాను. పథకాల డబ్బు పడే ఖాతా ఒకటి, దాచుకునేది వేరే బ్యాంకులోనో పోస్టాఫీసులోనో. ఆధార్ ద్వారా డబ్బు తీసే సౌకర్యాన్ని దాచుకునే ఖాతాకి ఆపమని బ్రాంచిలో కాగితం రాసివ్వండి, రసీదు తీసుకోండి.

మినీ బ్యాంకు దగ్గర ఇంకో చిన్న మోసం ఉంది. "సర్వర్ లేదు, ఇంకోసారి పెట్టమ్మా" అంటారు. నిజంగా సర్వర్ లేకపోవడమూ మామూలే, అందుకే ఇది పట్టుబడదు. ప్రతిసారీ స్లిప్పు అడగాలి, ఫెయిలైనా సరే. ఇవ్వనంటే ఆ కొట్టుకి మళ్లీ వెళ్లకూడదు.

జాగ్రత్త మనిషిలో కాదు, అమరికలో

రోజంతా అప్రమత్తంగా ఉండమని ఎవరికైనా చెప్పడం వృథా. జ్వరంతో ఉన్నప్పుడు, ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు, పెళ్లి పనుల్లో మునిగినప్పుడు ఎవడైనా నొక్కేస్తాడు. నొక్కినా పెద్దగా పోకుండా ముందే అమర్చుకోవాలి.

మా ఇళ్లలో కీప్యాడ్ ఫోన్ ఇంకా ఉంది కదా, దాన్ని చిన్నచూపు చూడొద్దు. దాచుకునే ఖాతా ఉన్న బ్యాంకుకి ఆ కీప్యాడ్ ఫోన్ నంబరే ఇవ్వండి. ఏ ఏపీకే దాంట్లో ఎక్కదు, ఏ యాప్ దాని మెసేజ్‌లు చదవదు. స్మార్ట్‌ఫోన్లో ఉన్న నంబరుకి వేరే బ్యాంకులో చిన్న ఖాతా, యూపీఐ దానికే. అందులో వారం ఖర్చుకి సరిపడా, 3,000 నుంచి 5,000. ఒకే బ్యాంకులో రెండు ఖాతాలు పెడితే ఇది కుదరదు. కస్టమర్ ఐడీ ఒకటే కాబట్టి నంబరూ ఒకటే అవుతుంది, యూపీఐ తెరిస్తే రెండు ఖాతాలూ కనిపిస్తాయి.

డెబిట్ కార్డుకి విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం బ్యాంకు యాప్‌లో ఆపెయ్యండి, కొనేటప్పుడే తెరవండి. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైటులో మీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూసి, మీవి కానివి రిపోర్ట్ చెయ్యండి. ఈ పనంతటికీ మనిషికి అరగంట పడుతుంది. సంక్రాంతికో పైడితల్లమ్మ పండక్కో ఇంటికొచ్చిన పిల్లలు కూర్చుని చెయ్యాల్సిన పని ఇది.

కాలేజీ పిల్లలకి మాత్రం వేరే మాట చెప్పాలి. "నీ అకౌంట్ నెలరోజులు వాడుకుంటాం, 5,000 ఇస్తాం" అంటే, అది ఎవడిదో పోయిన డబ్బు దాటించడానికి. పోలీసులు ముందొచ్చేది ఖాతా ఎవరి పేరునుందో వాళ్లింటికే.

పోయిన గంటలో

1930. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు ఇది, వెంటనే దీనికి చెయ్యండి. బ్రాంచి తెరిచేదాకా ఆగొద్దు, రెండో శనివారమైతే సోమవారందాకా పోతుంది. మొదటి ఖాతాలోంచి డబ్బు నిమిషాల్లో మూడో నాలుగో ఖాతాకి చేరుతుంది, ఏటీఎంలో నోట్లుగా బయటికొచ్చేలోపు పట్టుకుంటేనే ఆపగలరు. వాళ్లు అడిగేవి: మీ బ్యాంకు, ఖాతా నంబరు, ఎంత, ఎప్పుడు, 12 అంకెల లావాదేవీ నంబరు. ఫిర్యాదు నంబరు ఇస్తారు, దాంతో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు నింపాలి. ఎక్కడైనా ఆగిన డబ్బు వెనక్కి రావడానికి కోర్టు ఉత్తర్వు పట్టవచ్చు, కాబట్టి ఆ నంబరు పారేసుకోవద్దు.

బ్యాంకుకి కూడా వేరేగా చెప్పి తీరాలి. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగి, 3 పనిదినాల్లో చెప్తే మీ మీద భారం లేదు. మీరే పిన్ ఇచ్చి ఉంటే అప్పటిదాకా పోయింది మీదే, చెప్పాక పోయేది బ్యాంకుది. అంటే నిజంగా తప్పు చేసినవాడే అందరికంటే ముందు చెప్పాలి. జరిగేది దానికి తిరగబడి. "మీ మావయ్యకి తెలిస్తే చంపేస్తాడు" అనుకుంటూ మూడ్రోజులు దాచుకునేది వాళ్లే. ఇంట్లో ఎవరైనా ఈ కబురు చెప్తే, తిట్టేది ఏదైనా ఉంటే 1930కి చేశాక తిట్టుకోండి.

ఆ సమయానికి ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంటుంది, నంబర్లన్నీ దాంట్లోనే ఉంటాయి. అందుకని పాస్‌బుక్ అట్ట లోపల 1930, బ్యాంకు నంబరు, మీ ఖాతా నంబరు పెన్నుతో రాసి, ఆ పాస్‌బుక్ బీరువా అడుగున కాకుండా చేతికందే చోట పెట్టండి. పిన్ మాత్రం అక్కడ రాయకండి, చాలామంది రాస్తున్నారు.